చలి లేని ఊళ్ళో హీటరు

మా కోనసీమ కొత్తపేటలో చలి అంటే ధనుర్మాసం తెల్లవారుజామున గుడికి వెళ్ళేటప్పుడు చెవులకు చుట్టుకునే తువ్వాలు. ఎనిమిదింటికల్లా అది భుజం మీదికి దిగిపోతుంది. ఓ పక్క గౌతమి, ఇంకో పక్క వశిష్ఠ, దిగువన సముద్రం, నడుమ కొబ్బరి తోటలు. ఇక్కడి గాలికి ఉక్కపోయడం తెలిసినంతగా వణికించడం తెలియదు. ఇలాంటి చోట కూర్చుని నేను ఓ పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు హీటరు ఊడదీసి, తుప్పు గీకి, మాట్లు వేయించి, మళ్ళీ బిగించాను. ఎలా చేశావని అడిగినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఎందుకు చేశావనే అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే. ప్రయోజనం చూసుకోకుండా మందబుద్ధి కూడా పనికి దిగడని మీమాంస పండితుడు కుమారిల భట్టు సుమారు పదమూడు వందల ఏళ్ళ కిందటే తేల్చేశాడు. ఆ లెక్కన నేను మందబుద్ధి కన్నా ఓ మెట్టు కింద ఉన్నట్టే. పోనీ సరదా అని తప్పించుకుందామా అంటే, సరదా కోసం చేసే పనిలో వేళ్ళు ఇన్నిసార్లు తెగవు. అందుకని కూర్చుని ఆలోచించాను. నాకు తోచిన జవాబు కారు గురించి మొదలై ధర్మం గురించి ముగిసింది. అది సరైనదో కాదో మీరే చెప్పండి.

ముందు బండి సంగతి. మా మావయ్య డాక్టరు. అరవైల్లో మన తెలుగు డాక్టర్లు చాలామంది వెళ్ళినట్టే ఆయనా ఇంగ్లండు వెళ్ళి, అక్కడి ఆసుపత్రుల్లో పనిచేసి, తిరిగి వచ్చేటప్పుడు ఓడలో ఈ ముదురాకుపచ్చ ఎమ్.జి.బి.ని తెచ్చుకున్నాడు. రెండే సీట్లు, గుడ్డ టాపు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా అన్ని రకాల ఎమ్.జి.బి.లూ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. కోనసీమలో మాత్రం అది దిగిన రోజు నుంచీ వింతే. కాలవ గట్టు మీద పోతుంటే చేపలు పట్టేవాళ్ళు గాలం వదిలేసి చూసేవారట. మావయ్య పెద్దవాడై స్టీరింగు వదిలేశాక అది పాకలో పడి ఉంది. పోయే ముందు నన్ను పిలిచి తాళం చేతిలో పెట్టాడు. "చూసుకుంటావా?" అన్నాడు. "చూసుకుంటాను మావయ్యా" అన్నాను. ఐటిఐలో పిల్లలకు ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైనవాణ్ణి. కాదనడానికి నోరు రాలేదు.

ఇంజను నన్ను పెద్దగా భయపెట్టలేదు. ఎమ్.జి.బి.కి ఉన్నది 1798 సీసీ ఇంజను, మన అంబాసిడర్‌కు చాలాకాలం ఉన్నది 1489 సీసీ. రెండూ బీ సిరీస్ అనే ఒకే కుటుంబం. అంబాసిడర్ టాక్సీల మీద చెయ్యి తిరిగిన పాత మెకానిక్కులు బానెట్ ఎత్తగానే "ఇది మనోడేనండి" అన్నారు. బ్రేకులు, క్లచ్చు, కార్బ్యురేటర్లు ఒక్కొక్కటే దారికొచ్చాయి. చివరికి మిగిలింది హీటరు. అక్కడే అందరూ ఆగిపోయారు. ఇక్కడి అంబాసిడర్లలో వాళ్ళు ఆ వస్తువుతో పనిపడి ఎరుగరు.

కారు హీటరు అంటే కరెంటుతో ఎర్రగా కాలే తీగ కాదు. అదొక బుల్లి రేడియేటరు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీటిలో కొంత, సిలిండర్ హెడ్డు వెనక ఉన్న వాల్వు గుండా దానిలోకి వస్తుంది. వెనక నుంచి చిన్న ఫ్యాను గాలి కొడుతుంది. వేడెక్కిన గాలిలో కొంత కాళ్ళ దగ్గరికీ, కొంత ముందు అద్దం మీదికీ పోతుంది. నీరు మళ్ళీ ఇంజనులోకి వెళ్ళిపోతుంది. ఇంజను ఎలాగూ పారబోసే వేడిని మనిషి కాస్త అరువు తీసుకునే ఏర్పాటు ఇది. ఇందులో దండగేమీ లేదు. తొలి రోజుల్లో ఈ కారుకు హీటరు కావాలంటే ఇంగ్లండులో కూడా విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాల్సిందే. మావయ్య పెట్టించుకున్నాడు. అక్కడి చలిలో తెల్లవారుజామున డ్యూటీకి పోయే కోనసీమ కుర్రాడికి అది ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

ఆ డబ్బా బానెట్ కింద, ఇంజనుకూ డ్యాష్‌బోర్డుకూ నడుమ ఉన్న గోడకు అతుక్కుని ఉంటుంది. దాన్ని బయటికి తీయడం ఎంత కష్టమంటే, ఫ్యాక్టరీలో ముందు హీటరు వేలాడదీసి దాని చుట్టూ కారు కట్టారని ఈ బండ్లున్నవాళ్ళు ప్రపంచమంతా చెప్పుకునే జోకు. రేడియేటరు నీళ్ళు వదలాలి. రెండు హోస్‌లు లాగాలి. కేబుళ్ళు విప్పాలి. డ్యాష్‌బోర్డు కింద తల దూర్చి, అద్దం మీదికి గాలి తీసుకెళ్ళే గొట్టాలు ఊడదీయాలి. ఏ స్క్రూ దగ్గరికీ చెయ్యీ చూపూ రెండూ ఒకేసారి చేరవు. డబ్బా చేతికొచ్చాక రేకు చుట్టూ ఉన్న క్లిప్పులు లేపితే అది రెండు చెక్కలుగా విడింది. లోపల కుమ్మరి పురుగు కట్టిన మట్టి గూళ్ళు, ముట్టుకుంటే పొడై రాలిపోయే స్పాంజి, ఉప్పుగాలికి జల్లెడలా చిల్లులు పడిన అడుగు రేకు కనిపించాయి. మోటారు ఇరుసు చేత్తో తిప్పినా కదల్లేదు.

ఒక్కో భాగానిదీ ఒక్కో చికిత్స. అడుగు రేకు కోసేసి కొత్తది అతికించాం. మోటారు బుష్షుల్లో తుప్పు కరిగించి, కమ్యుటేటరును సన్నటి ఎమరీ కాయితంతో రుద్ది, అరిగిన కార్బన్ బ్రష్‌ల బదులు పెద్ద సైజువి తెచ్చి ఆకురాయితో తగినంతకు అరగదీశాను. కోర్ అనే ఆ బుల్లి రేడియేటరు సంగతి మరీ అన్యాయం. మా దిగువ ప్రాంతాల్లో బోరు నీళ్ళు ఉప్పన. ఏళ్ళ తరబడి అవే పోసినందువల్ల ఇత్తడి గొట్టాల లోపల గార కట్టేసింది. వెనిగర్ పోసి నానబెట్టి, రివర్సులో నీళ్ళు కొట్టి, మళ్ళీ నానబెట్టాను. ధార తేటపడ్డాక ఓ మూతి బిగించి, రెండో మూతికి సైకిలు పంపు తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచితే ఓ మూల నుంచి బుడగలు వచ్చాయి. రావులపాలెంలో రేడియేటర్ల పని చేసే ఓ పెద్దాయన ఆ మూలకు మాటు వేసిపెట్టాడు. ఇప్పటి బండ్లకు వచ్చేది అల్యూమినియం, ప్లాస్టిక్కు రేడియేటర్లు. కారితే తీసి పారేసి కొత్తది వేస్తారు. ఇత్తడికి మాటు వేయించుకోవడానికి తన దగ్గరికి వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారన్నాడు. వాల్వు లోపలి రబ్బరు పొర పూర్తిగా చచ్చిపోయింది. అదొక్కటే ఇంగ్లండు నుంచి తెప్పించాల్సి వచ్చింది.

ఈ పని సగంలో ఉండగా నాకు సాయం చేసే మెకానిక్కు కుర్రాడు ఓ సలహా ఇచ్చాడు. "ఆయ్, ఇంత గొడవెందుకండి బాబూ! హెడ్డు నుంచి వచ్చే మూతీ తిరిగెళ్ళే మూతీ ఓ ముక్క హోసుతో కలిపేద్దారండి. పది నిమిషాల పని. ఖాళీ డబ్బా రంగేసి బిగించేస్తే చూసేవోళ్ళకి హీటరున్నట్టే ఉంటాదండి." సాంకేతికంగా వాడు చెప్పిన దాంట్లో తప్పు లేదు. నీళ్ళు కారవు, ఇంజను నడుస్తుంది, ఎవరికీ తెలియదు. మా ఆవిడ కూడా వాడి పక్షమే. "భోగి దగ్గరకొస్తోంది, ఆ డబ్బా మంటలో వేసెయ్యండి" అంది. ఇనుము మంటలో కాలదే అన్నాను. "మీ చాదస్తమైనా కాలుతుందేమో" అంది.

ఆవిడ మాట నవ్వులాటకు అన్నదే అయినా అందులో గట్టి పూర్వపక్షం ఉంది. పాతది వదిలించుకోవడం కూడా మన సంప్రదాయమే కదా. చిరిగిన బట్ట విడిచినట్టు శిథిలమైన దేహాన్ని ఆత్మ విడుస్తుందని గీత చెబుతుంది. భోగినాడు విరిగిన కుర్చీలు, పాత తలుపు చెక్కలు మంటలో పడతాయి. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద తరలివస్తారు. వెదుళ్ళతో కట్టి, రంగు గుడ్డలు చుట్టి, కౌశిక కాలవ అడ్డొస్తే దాటించి, చేలల్లోంచి భుజాల మీద మోసుకొచ్చిన ఆ ప్రభ, తీర్థం అయ్యాక విప్పేస్తారు. వచ్చే ఏడు మళ్ళీ కడతారు. ఈ ప్రభ పాడైపోతోందే అని ఎవరూ ఏడవరు. కట్టే చేతులు ఊళ్ళో ఉన్నాయి కాబట్టి కట్టిన వస్తువును నిశ్చింతగా విప్పేయగలరు. ఆ నిశ్చింత నాకు ఇత్తడి మాటు విషయంలో లేదు. అయితే ఇది ఆ పనితనం మీద సానుభూతి మాత్రమే. దీనితో నా ప్రశ్నకు జవాబు రాదు. చేతుల పనితనం నిలబెట్టాలంటే ఏదో ఒక అవసరమైన ఇత్తడి వస్తువుకు మాటు వేయించవచ్చు. అక్కరలేని హీటరే ఎందుకు?

మా వీధిలో మీమాంస చదువుకున్న శాస్త్రిగారు ఒకరున్నారు. కోనసీమ అగ్రహారాల్లో వేదం చెప్పుకున్న కుటుంబం. సాయంత్రం అరుగు మీద ఆయన ముందు నా గోడు పెట్టాను. ఆయన వడ్ల కథ ఎత్తుకున్నారు. యాగంలో పురోడాశమనే పిండి రొట్టె చేయాలి. దానికి వడ్లు దంచమని విధి. దంచితే పొట్టు పోతుంది. అది కంటికి కనిపించే ఫలం, దృష్టం. మరి పొట్టు పోవడమే కావాలంటే గోళ్ళతో ఒలిచినా పోతుంది. అలాంటప్పుడు దంచే తీరాలని చెప్పడమెందుకు? మీమాంసకుల జవాబు ఏమంటే, పొట్టు పోవడం దంచడానికి ఫలమే, కాని దంచే పద్ధతిలోనే చేయాలన్న నియమానికి వేరే ఫలం ఉంది. అది కంటికి కనిపించదు. అదృష్టం.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అంటే మా కుర్రాడి హోసు ముక్క గోళ్ళతో ఒలవడం లాంటిదన్నమాట, నేను చేసేది దంచడం" అన్నాను. శాస్త్రిగారు నవ్వారు. "అబ్బే, తొందరపడకండి. వడ్లు దంచమని వేదం చెప్పింది. మీ హీటరు బాగుచేయమని ఎవరు చెప్పారు? విధి లేని చోట అదృష్టం ఎక్కడిదండీ?"

ఆ దెబ్బకు నా వాదం అక్కడికక్కడే కూలింది. ఆయన చెప్పింది నిజం. ఏ పని పడితే ఆ పని కష్టపడి చేసి, అది కర్మయోగం అని పేరు పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. గీత చెప్పింది ఫలం మీద ఆశ వదిలి కర్మ చేయమని. ఏ కర్మ అన్న ప్రశ్నను మాత్రం అది వదిలేయలేదు. చేయవలసిన కర్మ అనే అంది. ఫలాపేక్ష లేకుండా గోడకు సున్నం వేసి, గీకి, మళ్ళీ వేసేవాణ్ణి యోగి అనం.

లేవబోతుంటే శాస్త్రిగారే ఇంకో మాట అన్నారు. నా సమాధానమంతా దాని మీద నిలబడింది. కర్మల్లో ఓ రెండు రకాలున్నాయి. సంధ్యావందనం లాంటివి నిత్యం. వాటికి కోరికతో పని లేదు. ఫలానాది కావాలని చేసేవి కామ్యం. కోరిక ఉంటే చేయి, లేకపోతే మానెయ్యి. ఎవరూ బలవంతపెట్టరు. కాని కామ్యకర్మను ఒకసారి మొదలుపెట్టావా, ముగించి తీరాలి. మధ్యలో ఆ కోరిక తీరిపోయినా సరే, కోరిక మీద కోరికే పోయినా సరే. మొదలుపెట్టడం వరకే నీ ఇష్టం. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల్లో దీని మీద ప్రత్యేకంగా చర్చ ఉందన్నారు.

ఇంటికి నడుస్తుంటే చిక్కు విడిపోయింది. ప్రయోజనం ఏమిటన్న ప్రశ్న మంచిదే, అడగవలసిందే. అయితే దాన్ని అడగవలసిన చోటు గుమ్మం. ఒప్పుకోకముందు అడగాలి. ఈ బండితో నాకేం పని, దీన్ని పోషించే స్తోమత ఉందా, ఆ డబ్బుతో ఇంకేమైనా మేలు చేయవచ్చా, ఇవన్నీ మావయ్య తాళం ఇస్తున్నప్పుడు అడగవలసిన ప్రశ్నలు. అప్పుడు కాదంటే తప్పు లేదు. ఇంకెవరికైనా ఇచ్చేవాడు. "చూసుకుంటాను" అన్న క్షణంలో అది సంకల్పం అయిపోయింది. శాస్త్రిగారు వెతికిన విధి వేదంలో లేకపోవచ్చు, నా నోట్లోంచి వచ్చింది. ఆ తర్వాత బండిలోని ఒక్కో భాగాన్ని పట్టుకుని "నువ్వు నాకు పనికొస్తావా?" అని అడగడం, యాగం మధ్యలో లేచి నిలబడి ఈ ఆహుతి అవసరమా అనడమే. కుమారిలుడి మాటకూ నా హీటరుకూ తగాదా లేదు. ఆయన చెప్పింది పనికి దిగడం గురించి. నేను అప్పటికే దిగి ఉన్నాను.

ఈ కోణంలోంచి చూస్తే మా చుట్టుపక్కల ఎప్పటినుంచో ఉన్నవే కొత్తగా కనిపించడం మొదలైంది. రావులపాలెం అవతల ర్యాలి ఉంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి ఒకే నల్లరాతి విగ్రహం. ముందు కేశవుడు, వెనక మోహిని. చాలా గుళ్ళల్లో మూలవిరాట్టు వెనక భాగం చీకట్లో గోడవైపు ఉంటుంది. ఎవరూ చూడరు. ర్యాలిలో అర్చకుడు దీపం పట్టుకుని మనల్ని వెనక్కి తీసుకెళ్ళి మరీ చూపిస్తాడు. సిగ ముడి దగ్గర్నుంచి కాళ్ళ వరకు ముందువైపు ఎంత శ్రద్ధో వెనకా అంతే. అక్కడ శిల్పి తీసుకున్న నిర్ణయం ఒక్కటే, ఈ రాతిలో ఇద్దరున్నారని. ఆ నిర్ణయం అయ్యాక వెనకవైపు అనేది లేకుండా పోయింది.

అంతర్వేది సంగతి అందరికీ తెలిసిందే. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి. మాఘమాసంలో కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. నలభై అడుగుల టేకు రథం ఏడాదికి ఒక్కరోజు కదిలి, మిగతా కాలమంతా షెడ్డులో ఉండేది. 2020 సెప్టెంబరు 5 అర్ధరాత్రి దాటాక ఆ షెడ్డులోనే అది కాలి బూడిదైంది. కోనసీమ అంతా ఇంట్లో మనిషి పోయినట్టు అల్లాడింది. పూట ఉపయోగానికి ఇంత పెద్ద రథం దేనికి, ఆ ఒక్కరోజుకూ ట్రాక్టరు మీద పందిరి వేస్తే సరిపోదా అని ఎవరికీ నోరు రాలేదు. కొత్త టేకుతో మళ్ళీ అంత రథమూ కట్టారు. 2021 ఫిబ్రవరి 19న, రథసప్తమి రోజున దాన్ని స్వామికి అప్పగించారు. ఆ నెలలోనే భీష్మ ఏకాదశికి అది వీధుల్లోకి వచ్చింది. రోజుల లెక్కన చూస్తే ఆ రథం దాదాపుగా వాడని వస్తువు. స్వామికి రథం ఉందని ఏనాడో ఒప్పుకున్న ఊరికి ఆ లెక్క పట్టదు.

ఇక్కడ ఓ అభ్యంతరం వస్తుంది. దేవుడి రథమూ కారు హీటరూ ఒకటేనా? కాదు. 1925లో కలకత్తాలోని ఓ కుటుంబ దేవతా విగ్రహం మీద వచ్చిన తగాదాలో, విగ్రహం ఇంటి సామానులాంటిది కాదు, చట్టం దృష్టిలో దానికి వ్యక్తిత్వం ఉందని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. గుడి ఆస్తికి యజమాని దేవుడు, ధర్మకర్త కేవలం చూసుకునేవాడు. నా ఎమ్.జి.బి. మాత్రం అచ్చంగా సామానే. దానికి హక్కులు లేవు, నొప్పి లేదు, హీటరు లేదని అలగదు. కాబట్టి నా బాధ్యత కారు పట్ల అంటే పొరపాటు. అది నేనిచ్చిన మాట పట్ల. ధర్మకర్త నుంచి నేను అరువు తెచ్చుకున్నది ఆ ఒక్క పద్ధతే, తన చేతిలో ఉన్నదాన్ని తన అవసరంతో కొలవకపోవడం. మావయ్య నాకిచ్చింది హీటరున్న కారు. నా తర్వాతివాడికి నేను హీటరులాంటి డబ్బా ఉన్న కారు ఇస్తే, కారు సంగతి ఎలా ఉన్నా, మాట తేడా వచ్చినట్టే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైంది. ఆ డబ్బుతో నలుగురికి అన్నం పెట్టవచ్చు కదా. డొక్కా సీతమ్మగారి గడ్డ మీద ఉన్నవాడు ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయలేడు. లంకల గన్నవరంలో ఆవిడ 1909లో పోయేదాకా వేళకాని వేళ వచ్చినవాళ్ళకు కూడా పొయ్యి వెలిగించి వండి పెట్టింది. వైనతేయ మీది అక్విడెక్టుకు ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ ముందు నా హీటరు ఎందుకూ కొరగాదు. ఆ సంగతి ఒప్పుకుంటూనే ఒకటి గమనించాను. ఆవిడ గొప్పతనం అన్నదానం మంచిదని తెలుసుకోవడంలో లేదు. అది అందరికీ తెలుసు. వచ్చినవాళ్ళకు పెడతాను అని ఒకసారి అనుకున్నాక, అర్ధరాత్రి పడవ దిగినవాణ్ణి చూసి ఇప్పుడు అవసరమా అని మళ్ళీ బేరం పెట్టుకోలేదు. ఏది చేపట్టాలో ఎంచుకోవడంలో ఆవిడకూ నాకూ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. చేపట్టినదాన్ని ఎలా మోయాలో మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకోవాలి.

హద్దు కూడా చెప్పాలి, లేకపోతే ఇది మొండితనానికి సమర్థనైపోతుంది. మాటలన్నీ ఒకే రోజు ఇచ్చినవి కావు. పెళ్ళిపీటల మీద ఇచ్చిన మాట ముందుది, పిల్లలను కన్నప్పుడు నోటితో అనకుండానే ఇచ్చిన మాట ముందుది. మా ఆవిడ మందులకూ హీటరు వాల్వుకూ పోటీ వచ్చిన నెలలో వాల్వు ఆగింది. అది సంకల్పభంగం కాదు. రెండు మాటలు ఎదురుపడితే పాతదానికి దారి ఇవ్వడమే మర్యాద. ఇంకొకటి, కష్టంగా ఉందని చేయవలసినదాన్ని వదిలేయడాన్ని గీత పద్దెనిమిదో అధ్యాయం రాజస త్యాగం అంటుంది. త్యాగం అన్న పేరు దానికి మిగులుతుంది కాని త్యాగం వల్ల రావలసిన ఫలం రాదట. మా కుర్రాడి హోసు ముక్కను ఆ లెక్కలో వేశాను. హీటరు తీసేసి చిల్లులు మూసి, లేదని ఒప్పుకుని ఉంటే అది వేరే సంగతి. ఖాళీ డబ్బాకు రంగేసి ఉన్నట్టు చూపించడం త్యాగం కూడా కాదు, నటన.

ఇంత చెప్పాక ఓ నిజం దాచకూడదు. ఆ హీటరు పూర్తిగా నిరుపయోగమేం కాలేదు. వానాకాలంలో గుడ్డ టాపు వేసుకుని పోతుంటే మన ఊపిరికే ముందు అద్దం మసకబారుతుంది. హీటరు తిప్పి గాలి అద్దం మీదికి వదిలితే కాసేపట్లో తేటపడుతుంది. వేసవిలో రావులపాలెం దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని ఇంజను వేడెక్కుతుంటే, వాల్వు పూర్తిగా తెరిచి ఫ్యాను వేస్తే ఇంజను కాస్త చల్లబడుతుంది. రెండో రేడియేటరు పనిచేసినట్టేగా! రోహిణి కార్తెలో హీటరు వేసుకుని కూర్చున్న మనిషిని పక్క లారీ డ్రైవరు ఎలా చూశాడో చెప్పడానికి మాటలు చాలవు.

ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ "అదిగో, ముందే అలా చెబితే పోయేదిగా, ఇంత వేదాంతం దేనికి?" అంది. మెకానిక్కు కుర్రాడు కూడా ఒప్పేసుకున్నాడు. "ఆయ్, అయితే పనికొచ్చేదేనండి." నాకు మాత్రం ఆ సమర్థన అక్కరలేదు. దాన్ని పట్టుకుంటే నేను ఓడిపోయినట్టే. అద్దం మసకబారకపోయినా, ఇంజను వేడెక్కకపోయినా ఆ పని అంతే శ్రద్ధతో చేయవలసినదే. ఫలం వస్తే కళ్ళకద్దుకుంటాను. కాని దాన్ని కారణంగా చెప్పుకుంటే, రేపు ఫలం కనిపించని పని ఎదురైనప్పుడు మళ్ళీ హోసు ముక్క కోసం చెయ్యి చాపుతాను. ఐటిఐలో పిల్లలకు ఆకురాయి పట్టడం నేర్పేటప్పుడు ఇనప ముక్క ఆరు ముఖాలూ మట్టానికి తేవాలనేవాణ్ణి. "అడుగు వైపు ఎవరు చూస్తారు సార్?" అనేవాళ్ళు. అప్పట్లో పరీక్షలో చూస్తారని చెప్పేవాణ్ణి. ఇప్పుడైతే పని ఒప్పుకున్నది నువ్వే కదరా అంటాను.

ఆఖరుకి శాస్త్రిగారిని బండిలో కూర్చోబెట్టుకుని ఊరు చుట్టి తీసుకొచ్చాను. వాదమంతా విని, "బాగుంది కాని, చేసిన కర్మ పదిమందికి చెప్పుకుంటే దాని పుణ్యం తరిగిపోతుందంటారు. మీరేమో పత్రికకు రాస్తానంటున్నారు" అన్నారు. ఆ లెక్కన ఇప్పటికి సగం పైనే పోయి ఉంటుంది. పుణ్యం సంగతి ఎలా ఉన్నా, వాల్వు మాత్రం చుక్క కారడం లేదండి.